నలుపూ ఆకలీ ఒకే తాను గుడ్డలు

"గింత నల్లగైనవేంది బిడ్డా?" ఎండాకాలం సెలవులు ఊళ్లో గడిపి వచ్చిన పిల్లను చూడగానే వరంగల్ ఇండ్లల్లో మొదట వినిపించే పలకరింపు ఇది. వెంటనే రెండోది వస్తుంది: "చిక్కిపోయినవ్, తింటున్నవా లేదా?" ఒకటి రంగు గురించి, రెండోది తిండి గురించి. ఈ రెండింటికీ సంబంధం లేదనే అనుకుంటాం. కానీ ఒంట్లో ఈ రెండు సంగతులనూ చూసుకునే హార్మోన్లు ఒకే కుటుంబానివి. వాటిని మెలనోకార్టిన్లు అంటారు. ఎండకు చర్మం ఎంత నల్లబడాలి, తిన్నది చాలని మెదడుకు ఎప్పుడు తెలియాలి, జ్వరమో దెబ్బో తగిలితే ఒళ్లు ఎట్లా తట్టుకోవాలి అన్న మూడు పనులూ ఈ కుటుంబం మీదే ఆధారపడి ఉన్నాయి.

మన దగ్గర నలుపు ఒక లోపం, లావు ఒక తప్పు. ఈ రెండు నమ్మకాల వల్ల డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన మనిషి ఫేస్ క్రీముల దుకాణంలో ఆగిపోతున్నాడు. ఆకలి ఆపుకోలేని పిల్లవాడు ఇంట్లో తిట్లు తింటూ పెరుగుతున్నాడు. ఈ హార్మోన్లు ఎట్లా పనిచేస్తాయో తెలుసుకుంటే, ఆ తిట్లకు ఎంత ఆధారం లేదో కూడా తెలుస్తుంది.

తాను ఒకటి, గుడ్డలు అనేకం

మెదడు అడుగున, ముక్కు మూలానికి వెనుక, బఠానీ గింజంత పీయూష గ్రంథి ఉంటుంది. అందులో కొన్ని కణాలు పోమ్సీ అనే ప్రొటీన్‌ను తయారు చేస్తాయి. మనిషిలో దాని పొడవు 241 అమైనో ఆమ్లాలు. విచిత్రమేమిటంటే ఈ పొడవాటి ప్రొటీన్ హార్మోన్‌గా పనిచేయదు. వరంగల్ బట్టల బజారులో ఒకే తాను లోంచి ఒకరికి చొక్కా గుడ్డ, ఇంకొకరికి లంగా గుడ్డ కోసిచ్చినట్టు, కణంలోని ఎంజైములు పోమ్సీని ముక్కలుగా కోస్తాయి. ఆ ముక్కలే హార్మోన్లు.

ఎక్కడ ఏ ఎంజైము ఉందన్న దాన్ని బట్టి ముక్క మారుతుంది. పీయూష గ్రంథి ముందు భాగంలో పీసీ1 అనే ఎంజైము కోస్తే 39 అమైనో ఆమ్లాల ఏసీటీహెచ్ వస్తుంది. ఇది రక్తంలో ప్రయాణించి మూత్రపిండాల మీద ఉండే అధివృక్క గ్రంథులను చేరి, జ్వరాన్నీ దెబ్బనూ తట్టుకోవడానికి కావాల్సిన కార్టిసాల్ తయారు చేయమంటుంది. మెదడులోని హైపోథాలమస్‌లోనూ చర్మంలోనూ పీసీ2 అనే రెండో ఎంజైము కూడా ఉంటుంది. అక్కడ ఏసీటీహెచ్ ఇంకా చిన్నగా తెగి, 13 అమైనో ఆమ్లాల ఆల్ఫా ఎంఎస్‌హెచ్ తయారవుతుంది. అంటే ఏసీటీహెచ్‌లోని మొదటి 13 అమైనో ఆమ్లాలే, రెండు కొసల్లో చిన్న రసాయన మార్పుతో, వేరే హార్మోన్‌గా పనిచేస్తున్నాయి. ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి. ముందు ముందు ఒక పెద్ద జబ్బు గుట్టు ఇక్కడే విప్పుకోబోతున్నాం. బీటా ఎంఎస్‌హెచ్, గామా ఎంఎస్‌హెచ్ కూడా ఇదే ప్రొటీన్ ముక్కలు. నొప్పిని తగ్గించే బీటా ఎండార్ఫిన్ కూడా దీని చివరి భాగమే.

ఇన్ని హార్మోన్లు ఒకే ప్రొటీన్ నుంచి వస్తున్నాయని రుజువైంది 1979లో. జపాన్‌లోని క్యోటోలో షొసాకు నుమా, షిగెతాద నకనిషి బృందం ఆవు పీయూష గ్రంథి నుంచి ఈ ప్రొటీన్‌కు చెందిన జన్యు సమాచారం మొత్తాన్ని చదివి చూపించింది. అంతకు చాలా ముందే, 1916లో, అమెరికాలో ఫిలిప్ స్మిత్, బెన్నెట్ అలెన్ వేర్వేరుగా చేసిన ప్రయోగాల్లో ఒక సూచన దొరికింది. తోకకప్పల్లో పీయూష గ్రంథిని తీసేస్తే అవి నలుపు పోయి వెండి రంగుకు వచ్చాయి. తర్వాత ఆరన్ లెర్నర్ 1950లలో ఎంఎస్‌హెచ్‌ను శుద్ధి చేసి, దాన్ని మనుషులకు ఎక్కిస్తే చర్మం నల్లబడుతుందని తేల్చాడు.

హార్మోన్ రక్తంలో ఒళ్లంతా తిరుగుతుంది. కానీ దానికి స్పందించేది దాని గ్రాహకం ఉన్న కణం ఒక్కటే. మెలనోకార్టిన్లకు ఐదు గ్రాహకాలున్నాయి. ఎంసీ1ఆర్ నుంచి ఎంసీ5ఆర్ దాకా వాటికి వరుస పేర్లు. అన్నీ కణం పొరను ఏడు సార్లు అటూ ఇటూ దాటుతూ ఉండే ప్రొటీన్లే. 1992లో అమెరికాలో రోజర్ కోన్ బృందం, స్వీడన్‌లో విజయ్ ఛజ్లానీ, యార్ల్ విక్‌బెర్గ్ జంట మొదటి గ్రాహకం జన్యువును పట్టుకున్నారు. మిగతావి త్వరలోనే దొరికాయి. హార్మోన్ వచ్చి బయటి వైపు అతుక్కోగానే గ్రాహకం ఆకారం కాస్త మారుతుంది. లోపలి వైపు జీ ప్రొటీన్ కదులుతుంది. సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు కణంలో పెరుగుతుంది. అక్కడి నుంచి ఆ కణం తన పని తాను మొదలుపెడుతుంది. రంగు కణమైతే మెలనిన్ అనే రంగు పదార్థం చేస్తుంది, అధివృక్క కణమైతే కార్టిసాల్ చేస్తుంది, మెదడు కణమైతే తిండి చాలన్న సంకేతం పంపిస్తుంది.

ఈ హార్మోన్లన్నింటిలో ఒకేలా ఉండే నాలుగు అమైనో ఆమ్లాల వరుస ఉంది: హిస్టిడిన్, ఫీనైల్అలనిన్, ఆర్జినిన్, ట్రిప్టోఫాన్. గ్రాహకం పట్టుకునేది ప్రధానంగా ఈ వరుసనే. అందుకే ఒక హార్మోన్ పక్కవాడి గ్రాహకాన్ని కూడా కదిలించగలదు. ఒక్క ఎంసీ2ఆర్ మాత్రం మినహాయింపు. అది ఏసీటీహెచ్‌కు తప్ప మరి దేనికీ స్పందించదు. పైగా ఎంరాప్ అనే తోడు ప్రొటీన్ లేకపోతే అది కణం పైకి కూడా రాలేదు. ఈ తోడును 2005లో కనుక్కున్నారు.

ఎనుమాముల ఎండలో జరిగేది

ఫిబ్రవరి, మార్చి నెలల్లో వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డు మిర్చి బస్తాలతో నిండిపోతుంది. పొద్దంతా బస్తాలు మోసే హమాలీలు, మిర్చి ఏరే ఆడవాళ్లు, కాంటా దగ్గర నిలబడ్డ రైతులు, అందరి చేతులూ మెడలూ ఎండకు నల్లబడతాయి. ఎండ తగిలిన కొద్దిసేపటికే కనిపించే నలుపు వేరు. అది చర్మంలో అప్పటికే ఉన్న మెలనిన్ రూపు మారడం వల్ల వస్తుంది. రెండు మూడు రోజుల తర్వాత గట్టిపడే నలుపు మాత్రం మెలనోకార్టిన్ల పని.

అతినీలలోహిత కిరణాలు చర్మం పై పొరలోని కెరటినోసైట్ కణాల డీఎన్ఏను దెబ్బతీస్తాయి. దెబ్బ తగలగానే ఆ కణాల్లో పీ53 అనే ప్రొటీన్ మేల్కొంటుంది. క్యాన్సర్‌ను అడ్డుకునే ప్రొటీన్‌గా దానికి పేరు. అదే పీ53 నేరుగా పోమ్సీ జన్యువును పనిలోకి దింపుతుందని 2007లో బోస్టన్‌లోని డేవిడ్ ఫిషర్ బృందం చూపించింది. అంటే మెదడు అడుగున తయారయ్యే ప్రొటీన్‌ను చర్మం తనంతట తానే, తన అవసరానికి తయారు చేసుకుంటోంది. దాన్నుంచి తెగిన ఆల్ఫా ఎంఎస్‌హెచ్ పక్కనే ఉన్న రంగు కణం, అంటే మెలనోసైట్ మీది ఎంసీ1ఆర్‌ను చేరుతుంది. సైక్లిక్ ఏఎంపీ పెరిగి, టైరోసినేజ్ ఎంజైము ఎక్కువై, గోధుమ నలుపు రంగు యూమెలనిన్ తయారవుతుంది. మెలనోసైట్ తన పొడవాటి కొమ్మల ద్వారా ఆ మెలనిన్ గుళికలను చుట్టూ ఉన్న కణాలకు పంచుతుంది. అవి ప్రతి కణంలోనూ కేంద్రకం పైభాగాన, ఎండ వచ్చే వైపున చేరతాయి. డీఎన్ఏ ఉండేది కేంద్రకంలోనే. దాన్ని కాపాడటానికే ఈ ఏర్పాటంతా. ఎంసీ1ఆర్ సంకేతం రంగుతో పాటు డీఎన్ఏ మరమ్మతును కూడా వేగిరపరుస్తుంది.

కాబట్టి నల్లబడటం అంటే చర్మం చెడిపోవడం కాదు, చర్మం తన పని సరిగ్గా చేస్తోందని అర్థం. ఎంసీ1ఆర్ సరిగా పనిచేయని మనుషులకు జుట్టు ఎర్రగా, ఒళ్లు పాలిపోయి ఉంటుంది. ఎండకు నల్లబడకుండా కాలిపోతారు. చర్మ క్యాన్సర్ మెలనోమా ముప్పు వారికి ఎక్కువ. ఐర్లండ్, స్కాట్లండ్‌లలో ఇలాంటివారు ఎక్కువగా కనిపిస్తారు. మన తెల్లదనపు ప్రకటనలు ఆరాధించే చర్మం ఎండకు ఎంత నిస్సహాయమైందో ఎనుమాముల యార్డులో ఒక్క పూట నిలబడితే తెలుస్తుంది.

మనలో మనకు రంగు తేడాలు ఎందుకని అడగవచ్చు. మెలనోసైట్ల సంఖ్యలో మనుషుల మధ్య పెద్ద తేడా ఉండదు. అవి చేసే మెలనిన్ ఎంత, ఎలాంటిది, గుళికలు ఎంత పెద్దవి అన్నదే తేడా. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు కుమారస్వామి తంగరాజ్, లాల్జీ సింగ్ తదితరులు ఎస్టోనియాలో పరిశోధన చేస్తుండిన చందన బసు మల్లిక్ బృందంతో కలిసి 2013లో ఒక ముఖ్యమైన అధ్యయనం ప్రచురించారు. ఎస్ఎల్‌సీ24ఏ5 అనే జన్యువులో ఒక్క అక్షరం మార్పు దక్షిణాసియా ప్రజల రంగు తేడాల్లో పెద్ద వాటాకు కారణమని, ఆ మార్పు మనకూ యూరప్ వాళ్లకూ ఒకే పూర్వీకుల నుంచి వచ్చిందని అది తేల్చింది. ఈ జన్యువు గ్రాహకం కాదు. ఎంసీ1ఆర్ పంపిన ఆజ్ఞను అమలు చేసే చోట, మెలనిన్ గుళిక తయారీలో, దీని పాత్ర. ఒకే తల్లి కడుపున పుట్టిన అక్కచెల్లెళ్లలో ఒకరు చామనఛాయ, ఒకరు ఎరుపు కావడానికి ఇలాంటి జన్యువుల పంపకమే కారణం. అందులో ఎవరి ఘనతా లేదు, ఎవరి లోపమూ లేదు.

బొల్లి సంగతి వేరు. అందులో హార్మోన్ తప్పేమీ ఉండదు. ఒంటి రోగనిరోధక కణాలే మెలనోసైట్లను చంపేస్తాయి. సంకేతం ఉన్నా వినే కణం ఉండదు. బొల్లి అంటుకోదని ఇంకా చెప్పాల్సి రావడం బాధాకరం.

నలుపు జబ్బైనప్పుడు

ఎండకు వచ్చే నలుపు ఎండ తగిలిన చోటే వస్తుంది. ఎండ సోకని చోట్ల నలుపు వస్తే మాత్రం ఆగి ఆలోచించాలి. అరచేతి గీతలు, వేళ్ల కణుపులు, చిగుళ్లు, బుగ్గల లోపలి భాగం, పాత దెబ్బల మచ్చలు నెలల తరబడి నల్లబడుతూ ఉంటే, దాంతో పాటు నీరసం, బరువు తగ్గడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం, ఉప్పు మీద యావ ఉంటే, అది అడిసన్ వ్యాధి కావచ్చు. 1855లో లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు థామస్ అడిసన్ దీన్ని వర్ణించాడు. ఆయన చూసిన రోగుల్లో చాలామందికి అధివృక్క గ్రంథులను క్షయ తినేసింది. ఈనాటికీ క్షయ పూర్తిగా పోని మన దేశంలో ఆ కారణం పుస్తకాలకే పరిమితం కాలేదు.

గ్రంథి పాడైతే చర్మం ఎందుకు నల్లబడాలి? ఇక్కడే ఆ మొదటి 13 అమైనో ఆమ్లాల సంగతి పనికొస్తుంది. అధివృక్క గ్రంథి కార్టిసాల్ చేయలేకపోతే, చాలినంత ఉందన్న కబురు పీయూష గ్రంథికి అందదు. అది ఇంకా ఇంకా పోమ్సీ తయారు చేస్తుంది, ఏసీటీహెచ్‌ను కుమ్మరిస్తుంది. రక్తంలో మామూలు కంటే ఎన్నో రెట్లు పెరిగిన ఆ ఏసీటీహెచ్ మొదటి భాగం ఆల్ఫా ఎంఎస్‌హెచ్ వరుసే కనుక, చర్మంలోని ఎంసీ1ఆర్‌ను కూడా కదిలిస్తుంది. అధివృక్క గ్రంథికి పంపిన ఆజ్ఞ చర్మం మీద నలుపుగా అచ్చవుతుంది. వైద్యుడు పరీక్షలకు ముందే కంటితో చూసి అనుమానించగలిగే హార్మోన్ జబ్బు ఇది. మనలాంటి చామనఛాయ ఒళ్లలో ఆ నలుపును పసిగట్టడం కష్టం. అందుకే అరచేతి గీతలు, చిగుళ్లు చూడాలి. "ముందు నుంచీ గింత నలుపేనా?" అని ఇంట్లో వాళ్లను అడగాలి, పాత ఫొటోతో పోల్చాలి. జబ్బు తెలిస్తే మందు ఉంది. హైడ్రోకార్టిసోన్, ఫ్లూడ్రోకార్టిసోన్ మాత్రలు జీవితాంతం వేసుకుంటే మనిషి మామూలుగా బతుకుతాడు. తెలియకపోతే ఒక మామూలు జ్వరం, ఒక వాంతుల రోజు ప్రాణం తీయగలదు.

పిల్లల్లో దీనికి దగ్గరి జబ్బు ఇంకొకటుంది. ఎంసీ2ఆర్ జన్యువు రెండు కాపీలూ చెడిపోయిన పిల్లల్లో ఏసీటీహెచ్ ఎంత ఉన్నా అధివృక్క గ్రంథికి వినబడదు. ఈ కారణాన్ని 1993లో గుర్తించారు. ఎంరాప్ జన్యువు చెడినా ఇదే ఫలితం. పుట్టినప్పుడు మామూలుగా ఉన్న బిడ్డ నెలలు గడిచేకొద్దీ నల్లబడుతుంది. తెల్లవారుజామున, కడుపు ఖాళీగా ఉన్నప్పుడు, రక్తంలో చక్కెర పడిపోయి ఫిట్స్ వస్తాయి. ప్రతి ఇన్ఫెక్షనూ తీవ్రమవుతుంది. దిష్టి అనో, బిడ్డ నల్లగా పుట్టిందనో, ఫిట్స్ జబ్బనో అనుకుంటూ కాలం గడిచిపోతుంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఒక్కో చెడు కాపీ వస్తేనే ఈ జబ్బు. తెలుగు నేల మీద మేనరికాలు, మేనమామ సంబంధాలు ఇంకా నడుస్తున్నందున ఇలాంటి జబ్బుల అవకాశం మన కుటుంబాల్లో ఎక్కువ. ఇంతకు ముందు ఒక బిడ్డ ఇలాగే పోయిందని ఇంట్లో ఎవరైనా చెబితే, ఆ మాటను పిల్లల వైద్యుడికి తప్పక చెప్పాలి.

ఇప్పుడు దీనికి తలకిందులైన కథ. మోకాళ్ల నొప్పులకు, ఆయాసానికి, దురదకు పల్లెల్లో పొట్లం కట్టి ఇచ్చే మాత్రల్లో డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ వంటి, కార్టిసాల్ లాగే పనిచేసే స్టెరాయిడ్లు ఉండటం కొత్తేమీ కాదు. రెండు రోజుల్లో నొప్పి మాయమవుతుంది, ఆకలి పెరుగుతుంది, ముఖం గుండ్రమవుతుంది, ఒళ్లు వచ్చిందని సంతోషిస్తారు. లోపల జరిగేది వేరు. బయటి నుంచి స్టెరాయిడ్ పుష్కలంగా వస్తుంటే పీయూష గ్రంథి పోమ్సీ తయారీ తగ్గించేస్తుంది. ఏసీటీహెచ్ పడిపోతుంది. ఆజ్ఞ రాని అధివృక్క గ్రంథి వారాల తరబడి పని లేక కుంచించుకుపోతుంది. పొట్లం ఒక్కసారిగా ఆపేస్తే ఒంట్లో కార్టిసాల్ అందదు. మనిషి కుప్పకూలుతాడు. ఇక్కడ ఏసీటీహెచ్ తక్కువ కనుక నలుపు రాదు. అడిసన్ వ్యాధి చర్మం మీద చేసే హెచ్చరిక ఇందులో ఉండదు. అందుకే ఇది ఎక్కువ ప్రమాదం.

ముఖానికి రాసే తెల్లదనపు క్రీముల్లోనూ స్టెరాయిడ్ కలిసినవి ఉన్నాయి. అవి మెలనోసైట్ల పనిని అణచి కొన్నాళ్లు తెల్లగా కనిపించేట్టు చేస్తాయి. తర్వాత చర్మం పలచబడి, రక్తనాళాలు బయటికి కనిపించి, ఎర్రబారి, మొటిమలు లేచి, ఆపితే మంట పుట్టి, మళ్లీ రాయకుండా ఉండలేని స్థితి వస్తుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి పూత మందుల్లో చాలావాటిని డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. చీటీ అడగని దుకాణాలు మాత్రం పోలేదు.

చాలు అని చెప్పే కణాలు

హైపోథాలమస్‌లో ఆర్క్యుయేట్ కేంద్రకం అనే చిన్న చోటుంది. అక్కడ రెండు జాతుల నరకణాలు పక్కపక్కనే ఉంటాయి. ఒక జాతి పోమ్సీ తయారు చేసి ఆల్ఫా, బీటా ఎంఎస్‌హెచ్‌లను వదులుతుంది. రెండో జాతి ఏజీఆర్‌పీ అనే ప్రొటీన్‌ను వదులుతుంది. రెండూ వెళ్లేది ఒకే గ్రాహకం దగ్గరికి, అదే ఎంసీ4ఆర్. ఎంఎస్‌హెచ్ అతుక్కుంటే తిండి మీద ధ్యాస తగ్గుతుంది, ఒళ్లు శక్తిని ఖర్చు చేస్తుంది. ఏజీఆర్‌పీ అతుక్కుంటే ఆ గ్రాహకం మూగబోతుంది, ఆకలి చెలరేగుతుంది. తిండి లేనప్పుడు ఏజీఆర్‌పీ కణాలు విజృంభిస్తాయి. కొవ్వు కణాల నుంచి వచ్చే లెప్టిన్ హార్మోన్ పోమ్సీ కణాలను ఉత్సాహపరచి ఏజీఆర్‌పీ కణాలను అణచుతుంది. ఒంట్లో నిల్వ ఎంత ఉందో మెదడుకు తెలిసే మార్గం ఇదే.

రంగుకూ ఆకలికీ ఉన్న చుట్టరికం మొదట పసుపు ఎలుకల్లో బయటపడింది. పసుపు వెంట్రుకలతో పుట్టే ఒక ఎలుక జాతి విపరీతంగా లావెక్కుతుందని వందేళ్ల కిందటే తెలుసు. ఎందుకో తెలియలేదు. అగౌటీ అనే ప్రొటీన్ ఆ ఎలుకల్లో ఒళ్లంతా తయారవుతోందని, చర్మంలో ఎంసీ1ఆర్‌ను అడ్డుకుని వెంట్రుకను పసుపు చేస్తోందని, మెదడులో ఎంసీ4ఆర్‌ను అడ్డుకుని ఆకలి పెంచుతోందని 1990లలో తేలింది. 1997లో ఎంసీ4ఆర్ లేని ఎలుకలను పుట్టిస్తే అవి రంగు మారకుండా లావయ్యాయి. మరుసటి ఏడాదే ఇంగ్లండ్, ఫ్రాన్స్ పరిశోధకులు వేర్వేరుగా తీవ్రమైన ఊబకాయం ఉన్న కుటుంబాల్లో ఎంసీ4ఆర్ ఉత్పరివర్తనలను కనుక్కున్నారు.

అదే 1998లో జర్మనీలో హైకో క్రూడె బృందం ఇద్దరు పిల్లల్ని వర్ణించింది. పుట్టిన కొద్ది నెలలకే ఆపలేని ఆకలి, ఊబకాయం, ఎర్ర జుట్టు, కార్టిసాల్ లేమి, ఈ నాలుగూ వారిలో ఉన్నాయి. వేర్వేరు జబ్బుల్లా కనిపించే వీటన్నిటికీ కారణం ఒక్కటే, పోమ్సీ జన్యువు చెడిపోవడం. తాను లేకపోతే చొక్కా లేదు, లంగా లేదు. తర్వాత తెలిసిన ఇంకో సంగతి మనకు ముఖ్యం. నల్ల జుట్టు జాతుల్లో ఈ జబ్బు ఉన్న పిల్లలకు జుట్టు ఎర్రగా ఉండకపోవచ్చు. ఎర్ర జుట్టు లేదు కదా అని మన దగ్గర ఈ జబ్బును కొట్టిపారేయకూడదు.

లాబ్రడార్ కుక్కను పెంచేవారికి ఒక మాట. గిన్నె ఖాళీ కాగానే మళ్లీ తోక ఊపుతూ నిలబడే ఆ కుక్కల్లో సుమారు నాలుగో వంతుకు పోమ్సీ జన్యువు చివర 14 అక్షరాలు రాలిపోయి ఉంటాయని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు చూపించారు. బీటా ఎంఎస్‌హెచ్, బీటా ఎండార్ఫిన్ అందులో పోతాయి. తిండిపోతుతనం ఆ కుక్క గుణం కాదు, జన్యువులో తెగిన ముక్క.

మనుషుల్లో ఎంసీ4ఆర్ సగం చెడినా చాలు, తేడా తెలుస్తుంది. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ ప్రాంతంలో 1990ల మొదట్లో పుట్టిన పిల్లల్ని పెద్దయ్యే దాకా గమనించిన అధ్యయనంలో, వెయ్యిలో ముగ్గురికి పనిచేయని ఎంసీ4ఆర్ కాపీ ఒకటి ఉందని 2021లో వెల్లడైంది. 18 ఏళ్లు వచ్చేసరికి వారు తోటివారి కంటే సగటున 17 కిలోల పైచిలుకు ఎక్కువ బరువున్నారు. అదే దేశం, అవే బళ్లు, అలాంటి తిండే. ఆ పిల్లల్లో ఎవరికీ బుద్ధి తక్కువ కాదు, నిగ్రహం తక్కువ కాదు.

మన వాళ్ల సంగతి? 2008లో లండన్‌లోని 2,684 మంది భారతీయ మూలాల వారి జన్యువులను వెతికి, తర్వాత మరో 11,955 మందిలో సరిచూసిన పరిశోధనలో, ఎంసీ4ఆర్ జన్యువుకు దగ్గరలోని ఒక మార్పు నడుము కొలతతో, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడంతో ముడిపడి ఉందని తేలింది. రెండు కాపీలూ ఉన్నవారి నడుము సుమారు 2 సెంటీమీటర్లు ఎక్కువ. ఇది చిన్న తేడానే. జన్యువులే అంతా అనుకోవడం కూడా పొరపాటు. హైదరాబాద్ సహా నాలుగు నగరాల కర్మాగారాల కార్మికులను, పల్లెల్లో ఉండిపోయిన వారి సొంత తోబుట్టువులను పోల్చిన భారతీయ వలస అధ్యయనం 2010లో చూపించింది ఇదే. నగరానికి వచ్చిన మగవారిలో ఊబకాయం, పల్లెలో ఉన్నవారి కంటే దాదాపు రెండింతలు. తోబుట్టువులంటే జన్యువులు దగ్గరివే కదా, మారింది తిండి, పని, నడక. వరంగల్‌లోనూ పొలం పనుల నుంచి ఆటో, షాపు, ఆఫీసు కుర్చీకి మారిన ఇండ్లలో జరుగుతున్నది ఇదే. కొవ్వు పెరిగేకొద్దీ లెప్టిన్ పెరుగుతుంది కానీ పోమ్సీ కణాలు దాన్ని లెక్కచేయడం తగ్గిస్తాయి. తగ్గిన బరువును నిలబెట్టుకోవడం ఎందుకు అంత కష్టమో కూడా లెప్టిన్ వల్లే తెలుస్తుంది. బరువు తగ్గితే లెప్టిన్ కూడా పడిపోతుంది, మెదడు దాన్ని కరువుగా లెక్కవేసి ఆకలి పెంచుతుంది.

ఎంసీ4ఆర్‌ను నేరుగా కదిలించే సెట్‌మెలనోటైడ్ అనే సూది మందుకు 2020 నవంబర్‌లో అమెరికా అనుమతి ఇచ్చింది, పోమ్సీ, పీసీఎస్‌కే1, లెప్టిన్ గ్రాహకం జన్యువులు చెడిన అరుదైన రోగుల కోసం. పీసీఎస్‌కే1 అంటే పైన చెప్పిన పీసీ1 ఎంజైము జన్యువే. మందు తీసుకున్న రోగుల్లో ఆకలి శాంతించి బరువు బాగా తగ్గింది. దాంతో పాటు వారి చర్మం నల్లబడింది. మెదడు కోసం చేసిన మందు చర్మంలోని ఎంసీ1ఆర్‌ను కూడా తాకింది మరి. ధర మాత్రం మన దగ్గర మామూలు కుటుంబానికి అందేది కాదు. ఎంసీ1ఆర్‌ను ఉద్దేశించి చేసిన అఫామెలనోటైడ్ వెలుతురు తగిలితే చర్మం భగ్గుమనే ఒక అరుదైన పోర్ఫిరియా రోగులకు పనికొస్తోంది. ఒంటికి రంగు రావాలని అనుమతి లేని మెలనోటాన్ సూదులను ఇంటర్నెట్‌లో కొని పొడిపించుకోవడం మాత్రం ప్రమాదమే.

మిగిలిన రెండు గ్రాహకాలు క్లుప్తంగా. ఎంసీ5ఆర్ చర్మంలో జిడ్డు గ్రంథుల పని చూస్తుంది. ఎంసీ3ఆర్ ఒంట్లో నిల్వలు చూసుకుని ఎదుగుదల ఎప్పుడు, ఈడు రావడం ఎప్పుడు అన్నది నిర్ణయించడంలో తోడ్పడుతుందని 2021లో తేలింది. అది సరిగా లేనివారు ఆలస్యంగా ఈడేరుతారు, కాస్త పొట్టిగా ఉంటారు. తిండి మెరుగైన తరాల్లో ఆడపిల్లలు అమ్మమ్మల కంటే ముందే పెద్దమనుషులు కావడానికి ఒక కారణం ఇక్కడ దొరుకుతోంది.

చదివిన వారికి నా విన్నపం. ఇంట్లో ఎవరైనా కారణం లేకుండా నెలల తరబడి నల్లబడుతూ, నీరసపడుతూ, చిక్కిపోతూ ఉంటే, క్రీము కొనకముందు వారి అరచేతి గీతలూ చిగుళ్లూ చూడండి, వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రిలో చూపించండి. పొద్దున 8 గంటల ప్రాంతంలో తీసిన రక్తంలో కార్టిసాల్ డెసిలీటరుకు 3 మైక్రోగ్రాముల లోపు ఉంటే అధివృక్క లోపం దాదాపు ఖాయం, 18 దాటితే ఆ భయం ఇంచుమించు ఉండదు, నడుమ ఉంటే ఏసీటీహెచ్ సూది వేసి మరో పరీక్ష చేస్తారు. స్టెరాయిడ్ మాత్రలు వారాల తరబడి వాడుతున్న వారు ఎంత బాగున్నా సొంతంగా ఒక్కసారిగా ఆపకండి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించండి. రెండేళ్లు నిండకముందే విపరీతమైన ఆకలితో లావవుతున్న బిడ్డను తిట్టకండి, పిల్లల హార్మోన్ వైద్యుడికి చూపించండి.